చూసినవారు, చూడనివ్వనివారు: 1937 షికాగో కాల్పుల చిత్రం

సంస్కృతాలంకారికులు నాటకం చూసేవాణ్ణి సామాజికుడు అన్నారు. మంచి మాట. కాని ఆ సామాజికుడికి వారు అప్పగించిన పని రసానుభూతి ఒక్కటే. రంగస్థలం మీద చచ్చినవాడు తెర దిగగానే లేచి వెళ్ళి ముఖానికి వేసుకున్న రంగు కడుక్కుంటాడని అతనికి తెలుసు. ఆ ధీమాతోనే అతను కన్నీరు పెట్టుకుంటాడు. తెరమీద పడినవాడు నిజంగానే మరి లేవకపోతే, కాల్చినవాడు ప్రభుత్వం ఇచ్చిన తుపాకితోనే కాల్చి ఉంటే, అప్పుడు చూసేవాడి పని ఏమిటి? డాక్యుమెంటరీ చిత్రం మన ముందు పెట్టిన ప్రశ్న ఇది. దీనికి సమాధానం సిద్ధాంత చర్చలో కన్న చరిత్రలో వెతకడం మేలని నా అభిప్రాయం. అందుకు 1937లో షికాగో నగరంలో తీసిన కొద్ది నిమిషాల న్యూస్‌రీలు ఒకటి మనకు బాగా ఉపయోగపడుతుంది.

ఆనాటి పరిస్థితి క్లుప్తంగా ఇది. 1937 మార్చిలో అమెరికాలోకెల్లా పెద్ద ఉక్కు కంపెనీ యు.ఎస్. స్టీల్, కార్మిక సంఘాన్ని గుర్తించి ఒప్పందం చేసుకుంది. దానికన్న చిన్నవైన రిపబ్లిక్ స్టీల్ వంటి కంపెనీలు ససేమిరా అన్నాయి. మే 26న సమ్మె మొదలైంది. మే 30, ఆదివారం. యుద్ధాల్లో మరణించినవారిని అమెరికన్లు స్మరించుకునే రోజు. దక్షిణ షికాగోలో సమ్మె కార్యాలయంగా వాడుకుంటున్న ఒక సారా దుకాణం దగ్గర సభ జరిగింది. సభ ముగిశాక సుమారు 1500 మంది, ఆడవాళ్ళూ పిల్లలతో సహా, రిపబ్లిక్ కర్మాగారం గేటువైపు బీడుభూమికి అడ్డంగా నడిచారు. దారికి అడ్డంగా 250 మందికి పైగా పోలీసులు నిలబడ్డారు. కొద్ది నిమిషాలు మాటలు సాగాయి. ఆ తరువాత తుపాకులు పేలాయి. కొందరు ఆ రోజే, మిగిలినవారు తరువాతి రోజుల్లో, మొత్తం 10 మంది మరణించారు. మరో 30 మందికి తూటాలు తగిలాయి. తరువాత సెనేట్ ఉపసంఘం తేల్చిన విషయం ఒకటి గుర్తుంచుకోవాలి. చనిపోయిన పదిమందిలో ఏడుగురికి తూటా వీపులో తగిలింది, ముగ్గురికి పక్కనుంచి తగిలింది. ఎదురురొమ్మున తగిలినవాడు ఒక్కడూ లేడు.

మర్నాటి పత్రికల్లో మాత్రం కర్మాగారం మీదికి దండెత్తిన అల్లరిమూక కథ వచ్చింది. పోలీసులు ఆత్మరక్షణ కోసం కాల్చారన్నారు. వెనుక కమ్యూనిస్టులున్నారన్నారు. ఇలాంటి కథలు ఏ దేశంలోనైనా ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి.

అయితే ఆ మైదానంలో ఒక సినిమా కెమేరా ఉంది. పారమౌంట్ వార్తాచిత్ర సంస్థ ఛాయాగ్రాహకుడు ఆర్లాండో లిపర్ట్ జరిగినది చాలామటుకు చిత్రించాడు. పారమౌంట్ ఆ చిత్రాన్ని విడుదల చేయకుండా దాచిపెట్టింది. అందుకు వారు చెప్పిన కారణం సాహిత్య విద్యార్థులు శ్రద్ధగా గమనించవలసినది. పత్రిక చదివేవాడు ఒంటరిగా చదువుకుంటాడు. సినిమాహాలులో వెయ్యిమంది ఒకచోట కూర్చుని చూస్తారు. ఆ గుంపులో ఆవేశం పుడుతుంది, అల్లర్లు రేగవచ్చు అని వారి వాదన. పారమౌంట్‌వారు మనకు తెలియకుండానే పెద్ద విమర్శసూత్రం చెప్పారు. వారికి బొమ్మ అంటే భయం లేదు. ఆ బొమ్మను పదిమంది కలిసి చూడడమంటేనే భయం. అలంకారికులు సామాజికుడు అన్నదాన్ని వారు గుంపు అన్నారు.

చిత్రం ఇలా పెట్టెలో ఉండగానే దాన్ని మొట్టమొదట జనానికి చూపినది సినిమాహాలు కాదు, వచనం. సెనేటర్ లా ఫాలెట్ అధ్యక్షతన పౌరహక్కుల ఉల్లంఘనలపై విచారణ జరుపుతున్న ఉపసంఘం ఆ చిత్రాన్ని తెప్పించుకుని రహస్యంగా చూసింది. జూన్ నెలలో పాల్ వై. ఆండర్సన్ అనే విలేఖరి, ఆ చిత్రాన్ని చాలాసార్లు పరిశీలించి చూసిన ఒక వ్యక్తి చెప్పినదాన్ని ఆధారం చేసుకుని, సెయింట్ లూయీ పోస్ట్-డిస్పాచ్ పత్రికలో దృశ్యం వెంట దృశ్యం వర్ణించాడు. పరుగెత్తే జనం మీద పోలీసులు కాల్చడం, పడిపోయినవాళ్ళను లాఠీలతో మోదడం, లేవలేని క్షతగాత్రుణ్ణి ఈడ్చుకుపోవడం, అన్నీ అందులో ఉన్నాయి. అంటే లక్షలమంది పాఠకులు ఒక చూపరి మాటల ద్వారా చిత్రాన్ని చూశారు. బొమ్మ వచ్చాక మాటకు పనిలేదని అనేవారికి ఇంతకన్న మంచి జవాబు నాకు కనబడదు. బొమ్మను బంధించినప్పుడు దాన్ని బయటికి మోసుకొచ్చింది మాటే.

జూలై 2న ఉపసంఘం బహిరంగ విచారణలో చిత్రాన్ని ప్రదర్శించింది. పోలీసు అధికారులు అంతకుముందు ఇచ్చిన సాక్ష్యం ఒక వైపు, తెర మరొక వైపు. అంతదాకా పోలీసుల మాటే అచ్చువేసిన పత్రికల్లో కొన్ని స్వరం మార్చుకున్నాయి.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. దాన్ని దాటవేస్తే మన చర్చ ప్రచారమైపోతుంది. లిపర్ట్ చిత్రంలో ఒక ఖాళీ ఉంది. సరిగ్గా కాల్పులు మొదలయ్యే ముందు అతను లెన్సు మారుస్తున్నాడు. ఒక షాటులో జనమూ పోలీసులూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటుంటారు. తరువాతి షాటులో మనుషులు కుప్పలుగా పడి ఉంటారు. మధ్య కొద్ది సెకన్లు లేవు. ఆ చిత్రం నేను చూశాను. ఆ అతుకు దగ్గర కన్ను తడబడుతుంది. పోలీసు పక్షంవారు ఆ ఖాళీలో రాళ్ళవర్షం కురిపించారు. కార్మిక పక్షంవారు అందులో ఆజ్ఞ లేకుండా పేలిన తుపాకిని చూశారు. ఎవరి లోకానుభవం ఏదో దాన్నిబట్టే వారు ఖాళీని పూరించుకున్నారు. మరి సత్యం ఎవరి ఇష్టం వారిదేనా? అలా అనుకోవడం పొరపాటు. ఆ ఖాళీకి ముందు జనం చేతుల్లో ఏముందో కనబడుతూనే ఉంది. తరువాత వారు ఏ వైపుకు పరుగెత్తారో కనబడుతూనే ఉంది. వైద్యులు చూసిన గాయాలు వీపుల మీద ఉన్నాయి. చిత్రంలో లేని కొద్ది సెకన్లను శవాలు చెప్పాయి. వాస్తవికత అంటే కెమేరా చూపినది మాత్రమే కాదని, చూపినదాన్ని మిగతా ఆధారాలతో జోడించి తర్కించడమని ఈ చిత్రం మనకు నేర్పుతుంది.

ప్రదర్శన తరువాత పారమౌంట్ చిత్రాన్ని విడుదల చేసింది. షికాగోలో మాత్రం నిషేధించారు. ఆ నగరంలో సినిమాలకు అనుమతి ఇచ్చే అధికారం 1907 నుంచి పోలీసు శాఖ చేతిలోనే ఉండేది. కాల్చినవారే చూడనివ్వకపోవడం దీని అర్థం. కరోనర్ జ్యూరీ ఆ మరణాలను న్యాయసమ్మతమైన హత్యలని తేల్చింది. ఒక్క పోలీసు మీదా కేసు నడవలేదు. ఆ వేసవిలోనే సమ్మె ఓడిపోయింది. రిపబ్లిక్ కంపెనీ సంఘాన్ని గుర్తించడానికి 1942 దాకా పట్టింది. 1997లో ఈ చిత్రాన్ని అమెరికా జాతీయ చలనచిత్ర భాండారంలో చేర్చారు. ఆ జాబితాలో దాని పేరులో నేటికీ ‘కొట్లాట’ అనే అర్థమిచ్చే ‘రయట్’ అనే మాటే ఉంది. వీపున తూటా తిన్నవాడు భాండారం పెట్టెమీద అల్లరిమూకలోనే మిగిలాడు.

రచయితలూ కళాకారులూ ఈ ఘటనను ఎలా అందుకున్నారన్నది ముఖ్యం. నవలాకారుడు మేయర్ లెవిన్ ఆ రోజు మైదానంలోనే ఉన్నాడు. 1940లో ‘సిటిజెన్స్’ అనే నవల రాశాడు. కథను ఒక డాక్టరు కళ్ళతో నడిపాడు. ఏ పక్షానికీ చెందని మధ్యతరగతి మనిషి గాయాలు చూస్తూ చూస్తూ పక్షం తెలుసుకుంటాడు. ఫిలిప్ ఎవర్‌గుడ్ పత్రికల్లోని ఫోటోలు చూసి 1937లోనే ‘అమెరికన్ ట్రాజెడీ’ అనే వర్ణచిత్రం వేశాడు. లిపర్ట్ లెన్సు వదిలేసిన క్షణాన్ని వీరిద్దరూ పూరించబోయారు. ఆ పూరణలో కల్పన ఉంది, అయినా అది శవాల సాక్ష్యానికి విరుద్ధంగా పోలేదు.

అదే నగరంలో 32 ఏళ్ళ తరువాత చరిత్ర మరో పాఠం చెప్పింది. 1969 డిసెంబరు 4న తెల్లవారకముందే పోలీసులు బ్లాక్ పాంథర్ పార్టీ నాయకుల వాటా మీద దాడి చేసి 21 ఏళ్ళ ఫ్రెడ్ హాంప్టన్‌నూ, మార్క్ క్లార్క్‌నూ చంపారు. ఇంటిని సీలు వేయకుండా వెళ్ళిపోయారు. చుట్టుపక్కల నల్లజాతి జనం వేలమంది వరుసకట్టి లోపలికి వెళ్ళి గోడలు చూశారు, రక్తంతో తడిసిన పరుపు చూశారు. ఆ సినిమాకు టిక్కెట్టు లేదు, సెన్సారు లేదు. మరో వైపు పోలీసులు టెలివిజన్‌లో తమ దాడిని తామే మళ్ళీ నటించి చూపారు. ఒక పెద్ద దినపత్రిక లోపలినుంచి వచ్చిన తూటాల రంధ్రాలంటూ ఫోటోలు వేసింది. అవి మేకుల తలలని తరువాత తేలింది. 1971లో వచ్చిన ‘ది మర్డర్ ఆఫ్ ఫ్రెడ్ హాంప్టన్’ అనే చిత్రంలో దర్శకుడు హోవర్డ్ ఆల్క్ పోలీసుల ప్రకటనను వినిపిస్తూ, కెమేరాను తలుపుల మీదా గోడల మీదా నడిపించాడు. మాట ఒకటి చెబుతుంటే గోడ మరొకటి చెబుతుంది. 1970లో ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ లెక్క ప్రకారం పోలీసులు కాల్చిన తూటాలు 82 నుంచి 99, లోపలివారు కాల్చినది మహా అయితే ఒకటి. దాడిని నడిపించిన ప్రాసిక్యూటర్ హన్రహాన్ మీద కేసు 1972లో కొట్టివేశారు. అదే సంవత్సరం ఎన్నికల్లో జనం అతన్ని ఓడించారు. గోడలు చూసినవారి తీర్పు అది.

తెలుగు పాఠం చెప్పేవాడిగా నాకు ఇందులో ఒక వ్యాకరణ విషయం కనిపిస్తుంది. ‘కాల్పులు జరిగాయి’, ‘ఎన్‌కౌంటర్‌లో మరణించారు’ అని మన పత్రికలు రాస్తాయి. వాన కురిసినట్టు, తిరునాళ్ళు జరిగినట్టు కాల్పులూ జరుగుతాయి. వాక్యంలో కర్త ఉండడు. కర్త లేని వాక్యానికి శిక్షపడే మనిషీ ఉండడు. ఎన్‌కౌంటర్ అనే ఇంగ్లీషు మాట ఎదురెదురు పోరాటమనే అర్థంతో వచ్చి, తెలుగులో ఒకవైపు చావుకు మారుపేరైన తీరు మనందరికీ తెలుసు. 1937 చిత్రమూ, ఆండర్సన్ వచనమూ చేసినది వాక్యానికి కర్తను తిరిగి ఇవ్వడం. ఎవరు, ఎవరిని, ఎటువైపు తిరిగి ఉండగా కాల్చారు అన్న మూడు ప్రశ్నలకు అవి జవాబు చెప్పాయి.

సాధారణీకరణం వల్ల రసం పుడుతుందన్నారు అలంకారికులు. పాత్ర దుఃఖం ఫలానావాడిది కాకుండా అందరిదీ అవుతుంది. కాల్పుల చిత్రం చూసేటప్పుడు ఈ సూత్రం సగమే పనిచేస్తుంది. దుఃఖం అందరిదీ కావాలి, నేరం మాత్రం ఫలానావాడిదిగానే మిగలాలి. రెండోదాన్ని వదిలి మొదటిదాన్నే పట్టుకున్న ప్రేక్షకుడు జాలిపడి ఇంటికి వెళ్ళి అన్నం తింటాడు. ఇలాంటి ఘటనల మీద కథలూ కవితలూ రాసే మన యువ రచయితలు చాలామంది రక్తాన్ని బాగా వర్ణిస్తున్నారు. తూటా ఏ వైపునుంచి వచ్చిందో కూడా అంతే శ్రద్ధగా రాయాలి. షికాగో బీడులో పడిపోయిన పదిమంది వీపులు మన దగ్గర కోరుతున్న వచనం అదే.