తెలిసీ వెయ్యని సూదిమందు

1963 ఆగస్టు 7న అమెరికా అధ్యక్షుడు కెనడీకి నెలలు నిండకుండానే ఒక కొడుకు పుట్టాడు. ఊపిరి అందక 39 గంటలకే కన్నుమూశాడు. బోస్టన్ వైద్యులు అధిక పీడనంతో ఆక్సిజన్ అందించే గదిలో ఉంచినా బిడ్డ దక్కలేదు. నవజాత శిశువైద్యం ఆ మరణంతోనే మేలుకుందని తరచూ రాస్తుంటారు. జనం దృష్టి అప్పుడే మళ్లిందేమో గాని, అసలు కారణం నాలుగేళ్ల ముందే అదే ఊళ్లో తేలిపోయింది. అంతకుముందు, ఇలా చనిపోయిన పసికందుల ఊపిరితిత్తుల్లో కనిపించే గాజులాంటి పొరనే జబ్బుగా భావించి హయలిన్ మెంబ్రేన్ వ్యాధి అన్నారు. అక్కడ ఏముందో చూశారే గాని, ఏం లేదో అడగలేదు. ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి సంచులైన వాయుగోణుల లోపలి తడిపొర తలతన్యత వల్ల వాటిని ముడుచుకుపోయేలా లాగుతుంది. ఆ లాగుడును సబ్బులా తగ్గించే సర్ఫాక్టెంట్ గర్భం చివరి వారాల్లోగాని సరిపడా ఊరదు. ఊపిరితిత్తులపై తలతన్యత ప్రభావాన్ని 1929లోనే కుర్ట్ వాన్ నీర్‌గార్డ్ చూపాడు, శిశువు తొలి శ్వాసకూ అది ముఖ్యం కావచ్చన్నాడు. ఆ మాట దాదాపు మరుగున పడింది. 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ ఈ జబ్బుతో పోయిన శిశువుల్లో సర్ఫాక్టెంట్ లోటును నిరూపించారు.

అయినా ఈ చరిత్రలో ఎక్కువ బాధపెట్టేది తెలుసుకోవడానికి పట్టిన కాలం కాదు, తెలిసినదాన్ని ఆచరించకుండా పోగొట్టుకున్న కాలం. న్యూజిలాండ్‌లో గ్రాహం లిగిన్స్ పురుడు ఎలా మొదలవుతుందో గొర్రెల్లో పరిశోధిస్తున్నాడు. స్టెరాయిడ్ ఇచ్చిన గొర్రెపిల్లలు బతకలేనంత ముందుగా పుట్టి కూడా ఊపిరి తీసుకోవడం గమనించాడు. రాస్ హోవీతో కలిసి స్టెరాయిడ్‌ను ముందస్తు కాన్పు అయ్యేలా ఉన్న 282 మంది తల్లులపై పరీక్షించి 1972లో ఫలితాలు ప్రకటించాడు: మందు అందని శిశువుల్లో 25.8 శాతం మందికి శ్వాస ఇబ్బంది వస్తే, అందినవారిలో 9 శాతానికే వచ్చింది. శిశువు ఊపిరితిత్తులు ముడుచుకోకుండా నిరంతర పీడనంతో గాలి అందించే పద్ధతిగా 1971లో జార్జ్ గ్రెగరీ ప్రకటించిన సీపాప్‌నూ, 1980లో ఫుజివారా ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసి పదిమంది శిశువులకు ఇచ్చిన సర్ఫాక్టెంట్‌నూ వైద్యలోకం ఆదరంగా అందుకుంది. పుట్టకముందే తల్లికి వేసే చవక స్టెరాయిడ్ ఇంజెక్షన్‌ను మాత్రం అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సమావేశం 1994లోగాని గట్టిగా సిఫారసు చేయలేదు.

వైద్యులు జంకడం సహజమేననవచ్చు. అంతకుముందే, మేలు చేస్తుందని మితిమీరి ఇచ్చిన ఆక్సిజన్ వేలమంది శిశువుల చూపు పోగొట్టింది. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. కానీ భయానికి జవాబు పరీక్ష. ఆ పరీక్షలు ఒకటి తర్వాత ఒకటి జరుగుతూనే ఉన్నాయి, వాటిని ఒకచోట పేర్చి చూసినవారే ఆలస్యంగా వచ్చారు. ఇంతకన్నా బలమైన అభ్యంతరం 2015లో వచ్చింది. భారత్‌తో సహా ఆరు దేశాల్లో ఈ మందును విస్తృతంగా వాడేలా చేసిన పరీక్షలో శిశుమరణాలు తగ్గకపోగా పెరిగాయి. మందు అందుకున్న తల్లుల్లో చాలామందికి నెలలు నిండాకే కాన్పయింది, అంటే అవసరం లేనివారికీ మందు చేరింది. స్కానింగ్‌తో నెలలు లెక్కగట్టి, శిశువును చూసుకోగల ఆసుపత్రుల్లోనే ఇచ్చిన 2020 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షలో, మన దేశమూ పాల్గొన్నదే, నవజాత శిశుమరణాలు 23.5 శాతం నుంచి 19.6కు తగ్గాయి. కాబట్టి 2015 ఫలితం మందును తప్పుపట్టడానికి ఆధారం కాదు. గర్భిణికి తొలి నెలల్లోనే స్కానింగ్ చేయించి, ముందస్తు కాన్పు సూచనలు కనిపించగానే తగిన ఆసుపత్రికి చేర్చకుండా ఇంజెక్షన్ ఒక్కదాన్నే పంచడం ఎంత ప్రమాదమో అది చూపింది.