నల్లరేగడి నేలల్లో మురుగునీటి గొట్టాల రక్షణ

ఆంధ్రప్రదేశ్‌లోని గుంటూరు, ప్రకాశం, కర్నూలు ప్రాంతాలలోను, తెలంగాణలోని ఆదిలాబాద్, జహీరాబాద్, తాండూరు పరిసరాలలోను నల్లరేగడి నేలలు విస్తారంగా ఉన్నాయి. పత్తికి, శనగకు అనువైన ఈ నేల భూగర్భ నిర్మాణాలకు మాత్రం కష్టమైనది. ఇందులోని మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుంచించుకుపోతుంది. వేసవిలో పొలాలు నెర్రెలివ్వడానికి, పట్టణాలలో మురుగునీటి గొట్టాలు పగలడానికి మూలం ఒక్కటే.

నేల అంతటా సమానంగా ఉబ్బితే గొట్టానికి పెద్ద నష్టం ఉండదు. ఒకచోట తడిసి, పక్కనే పొడిగా ఉన్నప్పుడే ప్రమాదం. సిమెంటుతో బిగించిన స్టోన్‌వేర్ గొట్టాల వరుస వంగలేదు. మొదట జాయింటు విడుతుంది. అక్కడ కారిన నీటికి చుట్టూ ఉన్న మన్ను మరింత ఉబ్బి పక్క జాయింటును కూడా విడదీస్తుంది. వాహనాల బరువును తట్టుకోగల గొట్టం సైతం ఈ విధంగా దెబ్బతింటుంది. పగలని చోట కూడా వాలు చెడుతుంది. 60కి 1 వాలులో వేసిన గొట్టం 3 మీటర్ల దూరంలో దిగేది 5 సెంటీమీటర్లే. దిగువ కొస అంతమేర పైకి లేచినచో ఆ భాగంలో వాలు పూర్తిగా పోయి మురుగు నిలిచిపోతుంది.

ఇది కేవలం మరమ్మతు ఖర్చుకు సంబంధించిన విషయం కాదు. తాగునీటిని రోజులో కొన్ని గంటలే సరఫరా చేసే పట్టణాలలో, సరఫరా ఆగినప్పుడు ఖాళీ గొట్టాలలోకి చుట్టుపక్కల మురుగు చొరబడే అవకాశం ఉంది. 2018 మార్చిలో గుంటూరు నగరంలో తాగునీటిలో మురుగు కలసి అతిసారం ప్రబలగా పలువురు మరణించారు. దానికి నేల కదలికే కారణమని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. మురుగు కలిస్తే ఎంత నష్టమో ఆ సంఘటన తెలిపింది. తాగునీటి గొట్టానికి, మురుగు గొట్టానికి మధ్య అడ్డంగా కనీసం 3 మీటర్ల ఎడం ఉండాలని కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ నియమావళి నిర్దేశిస్తున్నది. అది వీలుకాని ఇరుకు వీధులలో తాగునీటి గొట్టపు అడుగు, మురుగు గొట్టపు పైభాగానికి కనీసం అర మీటరు ఎత్తున, వేరే కందకంలో ఉండాలి.

పనికి ముందు నేలను పరీక్షించడం ఖర్చుతో కూడినది కాదు. ఎండబెట్టి జల్లించిన మన్నును 10 గ్రాముల చొప్పున రెండు కొలపాత్రలలో తీసుకొని, ఒకదానిలో నీరు, మరొకదానిలో కిరోసిన్ పోసి 24 గంటల తరువాత ఘనపరిమాణాలను పోల్చుతారు. కిరోసిన్‌లో మన్ను ఉబ్బదు. ఈ తేడా 50 శాతం దాటినచో జాగ్రత్త అవసరం. 100 దాటినచో ప్రత్యేక ఏర్పాట్లు తప్పవు. అంచనాలు తయారు చేయకముందే ఈ ఫలితం చేతిలో ఉండాలి.

అన్నిటికంటె ఎక్కువ పొరపాట్లు జరిగేది గొట్టం కింది పరుపు విషయంలోనే. కందకంలో ఇసుక పోసి దానిపై గొట్టం పరచడం ఎంతోకాలంగా ఉన్న అలవాటు. ఇసుక గొట్టాన్ని సమంగా మోస్తుంది, నిజమే. కాని బంకమట్టి మధ్య ఇసుక కందకం నీటికి దారిగా మారి, ఒకచోట దిగిన వాననీటిని వీధి పొడవునా పారిస్తుంది. ముంబయి ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్.కె. కట్టి పరిశోధనలు ఈ చిక్కుకు మరొక మార్గం చూపాయి. జిగురు ఉండి కూడా ఉబ్బని మన్నును పొరగా వేస్తే కింది నల్లమట్టి ఉబ్బును అది అదుపు చేస్తుందని ఆయన నిరూపించారు. కాలువల లైనింగుకు భారతీయ ప్రమాణం 9451 ఈ పద్ధతినే ఆధారం చేసుకున్నది. గొట్టాల కందకాలకు కూడా, నల్లమట్టిని కొంత లోతు అదనంగా తీసివేసి, పరీక్షలో నెగ్గిన మొరాన్ని పలుచని పొరలుగా తడిపి దిమ్మిస కొట్టడం మేలు. తవ్విన నల్లమట్టినే తిరిగి గొట్టం చుట్టూ నింపరాదు. కందకం పైభాగాన్ని మాత్రం వాననీరు దిగకుండా గట్టిపరచి కప్పాలి.

గొట్టం వంగగలగాలి, లేదా జాయింటు కదలగలగాలి. రబ్బరు రింగు జాయింట్లు గల కాంక్రీటు గొట్టాలు, భారతీయ ప్రమాణం 15328కు లోబడిన పి.వి.సి. గొట్టాలు ఇందుకు తగినవి. మ్యాన్‌హోల్ గోడ వద్ద గొట్టం ఎక్కువగా తెగుతుంది. గోడకు దగ్గరగా ఒక రబ్బరు రింగు జాయింటు, దాని తరువాత పొట్టి గొట్టం అమర్చినచో రెండూ వేర్వేరుగా కదలగలవు. పగిలినచోట కాంక్రీటు పోసి కప్పడం క్షేత్రస్థాయిలో తరచు కనిపించే మరమ్మతు. అది గొట్టాన్ని ఇంకా బిరుసుగా చేసి, పగులును పక్క జాయింటుకు పంపుతుంది.

ఇళ్ల కనెక్షన్లలో పునాది గోడగుండా పోయే గొట్టాన్ని సిమెంటుతో బిగించక, చుట్టూ ఖాళీ ఉంచి మెత్తని పూరకంతో మూయాలి. గొట్టాల వరుసకు దగ్గరగా రావి, మర్రి, యూకలిప్టస్ వంటి చెట్లు నాటరాదు. వాటి వేర్లు నేలలోని తేమను లాగివేస్తాయి. కప్పునీటి గొట్టాలను కందకం పక్కన వదలరాదు.

కందకాన్ని వారాల తరబడి తెరచి ఉంచడం కూడా హానికరమే. వేసవిలో ఎండిన అడుగుపై పరచిన గొట్టం తొలి వానలకు లేస్తుంది. నీరు నిలిచిన అడుగుపై పరచినది తరువాత కుంగుతుంది. కొద్ది దూరం చొప్పున తవ్వి, పరచి, నీటిపరీక్ష జరిపి, వెంటనే పూడ్చాలి. తొలి వర్షాకాలం ముగిసిన తరువాత మ్యాన్‌హోళ్ల మధ్య మట్టాలను మరల కొలచి, మొదటి కొలతలతో పోల్చి రిజిస్టరులో నమోదు చేయాలి.