పశ్చిమ ప్రకాశంలో టీవీ బొమ్మ పుట్టుపూర్వోత్తరాలు

టెలివిజన్ బొమ్మ ఇంటికి చేరే దారుల్లో తొలినాళ్ల నుంచి ఉన్నది భూతల ప్రసారం, అంటే ఎత్తైన టవరు నుంచి వెలువడిన రేడియో తరంగాలను మిద్దె మీది యాంటెన్నా నేరుగా అందుకోవడం. ఈ ప్రసారం అనలాగ్ పద్ధతి నుంచి డిజిటల్ పద్ధతికి మారడం 2003లో బెర్లిన్ నగరంలో పూర్తయింది. 2009 జూన్‌లో అమెరికా పెద్ద స్టేషన్లు, 2012 అక్టోబరులో బ్రిటన్ అదే బాట పట్టాయి. ఆ దేశాల్లో చాలామంది పాత యాంటెన్నాకే కొత్త సెట్‌టాప్ బాక్సు తగిలించి, చానళ్లను మళ్లీ వెతికించుకుని, బొమ్మ సరిగా రాని చోట తీగలు, దిశ సరిచూసుకున్నారు. మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం ప్రాంతాల్లో కథ అలా నడవలేదు. ఇక్కడ అనలాగ్ ప్రసారం వెళ్లిపోయింది గాని, దాని చోటికి డిజిటల్ భూతల ప్రసారం రాలేదు.

ఈ సీమకు పడమర నల్లమల, తూర్పున వెలిగొండలు. నడుమ గుండ్లకమ్మ పరీవాహకంలో పల్లెలు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడే దాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. ఆ కొత్త జిల్లాయే 1972లో ప్రకాశం పేరు పెట్టుకుంది. పాలన ఏ పట్నం నుంచి నడిచినా, కొండలు మాత్రం ఇరువైపులా అడ్డుగానే ఉన్నాయి. టెలివిజన్ తరంగాలు దాదాపు చూపు సాగినంత దూరమే నేరుగా సాగుతాయి గనుక, సమతల నేల మీద 150 మీటర్ల టవరుకు, పది మీటర్ల ఎత్తున కట్టిన యాంటెన్నాకు మధ్య దూరం సుమారు 60 కిలోమీటర్లు దాటితే భూమి వంపే అడ్డుపడుతుంది, ఇక మధ్యలో కొండ ఉంటే అంత దూరం కూడా అక్కర్లేదు.

తెలుగు పల్లెలకు టెలివిజన్ మొదట వచ్చింది టవరు నుంచి కాదు, ఆకాశం నుంచి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో జరిగిన ‘సైట్’ ప్రయోగంలో, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 పల్లెల్లో ఇనుపజాలి డిష్‌లు నిలిపి సామూహిక టీవీలు నడిపారు. ప్రయోగం ముగిసి ఉపగ్రహం తరలిపోయాక ఆ బొమ్మ ఆగింది. మారుమూల ప్రాంతాలకు అది మళ్లీ దక్కడానికి 1983 ఆగస్టులో ఇన్సాట్-1బి కక్ష్యకు చేరవలసివచ్చింది. ఢిల్లీ కార్యక్రమాన్ని ఆ ఉపగ్రహం నుంచి పెద్ద డిష్‌తో అందుకుని, చుట్టూ పదిహేను ఇరవై కిలోమీటర్ల మేర తిరిగి వెదజల్లే 100 వాట్ల స్వల్ప శక్తి ప్రసారిణులను 1984లో కొన్ని నెలలపాటు రోజుకొకటి చొప్పున దేశమంతటా నెలకొల్పారు. చిన్న పట్టణాల టెలివిజన్ యుగం నిజంగా ఆ ఏడాదే మొదలైందని చెప్పడం న్యాయం.

ఆనాటి గ్రహణ విద్య గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అది పుస్తకాల్లోకి ఎక్కకుండానే మరుగున పడుతున్నది. యాంటెన్నా కడ్డీల పొడవు తరంగదైర్ఘ్యంలో దాదాపు సగం ఉండాలి: 60 మెగాహెర్ట్జ్ ప్రాంతపు చానల్‌కు రెండున్నర మీటర్లు, 200 మెగాహెర్ట్జ్ ప్రాంతపు చానల్‌కు ముప్పావు మీటరు. అందుకే ఒక ఊరి చానల్‌కు కొన్న యాంటెన్నా మరో ఊరి చానల్‌కు కుదిరేది కాదు. చిన్న ప్రసారిణి పరిధి అంచున ఉన్న పల్లెల్లో పొడవాటి ఇనుప గొట్టం పాతి, యాంటెన్నా దగ్గరే బూస్టర్, అంటే బలహీనమైన సంకేతాన్ని పెంచే చిన్న యంత్రం, బిగించేవారు. అయితే బూస్టర్ సంకేతంతోపాటు రొదను కూడా పెంచుతుంది గనుక, అసలే రాని బొమ్మను అది తెప్పించలేదు. ఒకరు మిద్దెపైన గొట్టం తిప్పుతుంటే మరొకరు కింద టీవీ ముందు నిలబడి బొమ్మ వచ్చిందో లేదో అరిచి చెప్పడం ఆ విద్యలో భాగమే.

కొండల సీమకు ప్రత్యేకమైన జబ్బు నీడబొమ్మ. టవరు నుంచి నేరుగా వచ్చిన తరంగంతోపాటు, కొండచరియకు తగిలి మూడు కిలోమీటర్లు చుట్టూ తిరిగి వచ్చిన తరంగం కూడా యాంటెన్నాకు చేరితే, రెండోది సెకనులో లక్షో వంతు ఆలస్యంగా వస్తుంది. టీవీ తెరమీద ఒక గీత అంత స్వల్పకాలంలోనే సుమారు ఐదో వంతు నడుస్తుంది గనుక, ప్రతి మనిషి పక్కన ఆ మేరకు జరిగిన మసక మనిషి మరొకడు కనిపిస్తాడు. గొట్టాన్ని ఎంత ఎత్తు చేసినా ఇది పోదు. కొండవైపు వీపు పెట్టేలా, కడ్డీలు ఎక్కువగా ఉన్న యాంటెన్నా వాడడం తప్ప వేరే మందు లేకపోయింది.

డిజిటల్ భూతల ప్రసారం సరిగ్గా ఈ జబ్బుకే మందు. 2016 ఫిబ్రవరిలో దూరదర్శన్ ప్రారంభించిన డీవీబీ-టీ2 పద్ధతిలో సమాచారాన్ని వేల సన్నని వాహక తరంగాల మీద పంచి, ఒక్కొక్క ముక్క తరువాత కొంత రక్షణ విరామం వదులుతారు. ఆ విరామం లోపల చేరిన ప్రతిధ్వనులు బొమ్మను చెడగొట్టవు. కొండచరియ నుంచి ఎన్నో కిలోమీటర్లు చుట్టి వచ్చిన తరంగం కూడా కొన్ని సందర్భాల్లో సాయమే చేస్తుంది. ఈ పద్ధతి ముందుగా దక్కవలసింది కొండల ఊళ్లకు. దక్కింది ఢిల్లీ, ముంబయి, చెన్నై, బెంగళూరు వంటి 16 నగరాలకు, అంటే కేబుల్ తీగలు అప్పటికే వీధివీధినా అల్లుకున్న చోట్లకు. ఆ పదహారింటిలో తెలుగు నగరం ఒక్కటీ లేదు. అక్కడైనా దాన్ని అందుకునే పరికరాలు సామాన్యుల ఇళ్లకు పెద్దగా చేరలేదు. పాత అనలాగ్ ప్రసారిణులను మాత్రం, వ్యూహాత్మక ప్రాంతాల్లోని సుమారు 50 మినహా, 2022 మార్చి 31 నాటికి ఆపివేయాలని దూరదర్శన్ మాతృసంస్థ ప్రసార భారతి నిర్ణయించింది.

ఈ లోగా జనం దారి మార్చుకున్నారు. 1990ల్లో ఉపగ్రహ చానళ్లు, 1995లో ఈటీవీ రాకతో కేబుల్ పట్టణాల్లో పాతుకుంది. 2011 కేబుల్ చట్ట సవరణ దాన్నీ డిజిటల్‌లోకి నడిపింది. ఈ మార్పులో చిన్న పట్టణాల వంతైన మూడో దశకు గడువు 2015 డిసెంబరు 31 కాగా, బాక్సులు చాలవన్న వాదన మీద ఉమ్మడి హైకోర్టు తెలుగు రాష్ట్రాలకు రెండు నెలలు పొడిగింపు ఇచ్చింది. కేబుల్ చేరని పల్లెలకు మాత్రం దిక్కైనది 2004 డిసెంబరులో ఆరంభమైన దూరదర్శన్ వారి ఉచిత డీటీహెచ్, అంటే ఉపగ్రహం నుంచి నేరుగా ఇంటి డిష్‌కు చేరే ప్రసారం, నేటి డీడీ ఫ్రీ డిష్.

ఈ సేవ తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గరి జీశాట్-15 నుంచి వస్తుంది. మార్కాపురం నుంచి చూస్తే అది ఆగ్నేయంగా, నేల నుంచి దాదాపు 65 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అంత నిటారు చూపుకు నల్లమల గాని వెలిగొండలు గాని అడ్డు రావు. అడ్డొచ్చేది పెరటి వేపచెట్టే. తరతరాల కొండ సమస్య ఈ విధంగా తీరిపోయింది. కాని కొత్త సమస్య ఒకటి వచ్చింది. డీటీహెచ్ వాడే కేయూ బ్యాండు తరంగాల పొడవు రెండున్నర సెంటీమీటర్లే గనుక, కుండపోత వానలోని నీటి బొట్లు వాటిని పీల్చేస్తాయి. అనలాగ్ బొమ్మ బలహీనపడే కొద్దీ చుక్కలు పెరిగి నెమ్మదిగా చెడేది, అయినా మాట వినిపించేది. డిజిటల్ బొమ్మ చివరి క్షణం దాకా బాగుండి, హద్దు దాటగానే గళ్లుగళ్లుగా విడిపోయి ఒక్కసారిగా ఆగుతుంది. భూతల ప్రసారపు పొడవాటి తరంగాలను వాన అంతగా బాధించదు. తుపాను హెచ్చరిక అత్యవసరమైన వేళనే బొమ్మ ఆగిపోయే మార్గానికి ఈ సీమను పూర్తిగా వదిలివేయడం సరైన నిర్ణయం కాదు. కొండ మీద ఒక డిజిటల్ ప్రసారిణి ఉంటే ఆ లోటు తీరేది.

అది లేనంతకాలం ఇంటివారు చేయగలిగిన పని కొంత ఉంది. బాక్సు తెర మీద సంకేత బలం, నాణ్యత అని రెండు గీతలు కనిపిస్తాయి. బలం నిండుగా ఉండి నాణ్యత సున్నా అయితే డిష్ దిశ తప్పి ఉండవచ్చు, లేదా బాక్సులో ఎల్ఎన్‌బీ, అంటే డిష్ ముందు కొమ్మన ఉండే గ్రాహకం, తాలూకు అమరిక తప్పు పడి ఉండవచ్చు. రెండూ పడిపోతే తీగలోనో ఎల్ఎన్‌బీలోనో లోపం వెతకాలి. మామూలు ఎండలోనే నాణ్యత అంచు మీద ఉన్న డిష్ మొదటి వానకే ఆగుతుంది గనుక, నాణ్యత గీత గరిష్ఠానికి చేరేదాకా దిశ సవరించి బోల్టులు గట్టిగా బిగించడం, తీగ చివరి కనెక్టరులోకి నీరు దిగకుండా టేపు చుట్టడం, వేపకొమ్మను నరకడం, ఈ మూడు పనులు వానకాలానికి ముందే చేసుకోవాలి.