యతీమ్ ప్రాసెస్‌కు సర్‌పరస్త్ ఎవరు?



"సర్వర్ డౌన్" అనే మాట ఇప్పుడు మర్రిగూడలో ముసలోళ్ళకు కూడా తెలుసు. పింఛన్ కోసమో, ఇన్‌కం సర్టిఫికెట్ కోసమో కూలి మానుకొని వచ్చినోళ్ళు ఆ మాట విని వాపస్ పోతరు. ఒక్కోసారి మెషీన్ మంచిగనే ఉంటది, దాంట్లో నడిచే ఒక ప్రోగ్రాం పడిపోయి ఉంటది. దాన్ని లేపే జిమ్మేదారీ ఎవరిది? ఈ సవాల్‌కు పెద్ద తారీఖే ఉంది.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టిన్రు. అందులో నడిచే ప్రోగ్రాంను ప్రాసెస్ అంటరు. ఒక ప్రాసెస్ ఇంకోదాన్ని పుట్టిస్తది. ఔలాద్ చనిపోతే ఖబర్ వాలిద్‌కు అందుతది. వాలిద్ ముందే పోతే, ఆ యతీమ్‌ను ఒకటో నంబర్ ప్రాసెస్ 'ఇనిట్' తన సర్‌పరస్తీలోకి తీసుకుంటది.

1980లో బర్క్లీ యూనివర్సిటీ వాళ్ళ 4బీఎస్‌డీలో జాబ్ కంట్రోల్ వచ్చింది. ఒక కమాండ్‌తో పుట్టినవన్నీ ఒకే ఖాందాన్, అదే ప్రాసెస్ గ్రూప్. కంట్రోల్-సీ నొక్కితే ఆ హుకుం ఖాందాన్ మొత్తానికీ పోతది. లేకిన్ ఖాందాన్ వదిలిపోయే దర్వాజా తెరిచే ఉంది. టెర్మినల్ మూసినా బతికుండాలని, రాత్రింబగళ్ళు నడిచే సర్వీసులు కావాలనే వేరుపడి యతీమ్ అయ్యేవి.

మరి వాటి నిగ్రానీ ఎట్ల? నంబర్‌ను ఒక ఫైల్‌లో రాసిపెట్టేటోళ్ళు. సర్వీస్ చచ్చిపోయి, కొన్నాళ్ళకు అదే నంబర్ ఇంకో ప్రాసెస్‌కు వస్తే? ఫైల్ చూసి ఆపబోతే బేగునాహ్ ప్రాసెస్ బలయ్యేది.

1990ల చివర్లో డేనియల్ బెర్న్‌స్టైన్ రాసిన డీమన్‌టూల్స్ సీదా జవాబిచ్చింది: సర్వీస్‌ను యతీమ్ కానియ్యొద్దు. 'సూపర్‌వైజ్' అనే వాలిద్ పక్కనే ఉంటడు. బిడ్డ పడంగనే ఖబర్ అందుతది, మళ్ళా లేపుతడు. అయినా మనుమలు చెయ్యిజారిపోయేటోళ్ళు. దానికి ఇలాజ్ 2006లో గూగుల్ ఇంజనీర్లు పాల్ మెనేజ్, రోహిత్ సేఠ్ మొదలుపెట్టిన సీగ్రూప్స్. 2008 జనవరిలో లినక్స్ 2.6.24తో అవి అందరికీ అందినయి. వాలిద్ పోయినా, సెషన్ మారినా ప్రాసెస్ ఆ హిసాబ్‌లోనే ఉంటది. 2010లో లెన్నార్ట్ పోటరింగ్, కే సీవర్స్ తెచ్చిన సిస్టండీ ఒక్కో సర్వీస్‌ను ఒక్కో సీగ్రూప్‌లో పెట్టింది.

సిస్టండీకీ ఒక హద్దుంది. రీస్టార్ట్ చెయ్యమని రాసిపెడితే లేపుతది, కానీ మామూలు సెట్టింగ్‌లో 10 సెకన్లలో 5 సార్లు మొదలుపెట్టినా నిలబడకపోతే 'ఫెయిల్డ్' అని రాసి ఊకుంటది.

యతీముల మాల్ గురించి సూరహ్ నిసా మొదట్లోనే తాకీదు ఉంది. కనిపెట్టుకొని ఉండుడు ఎంత బరువైన పనో మన ఖాందాన్లకు తెలుసు. హైదరాబాద్‌లో సర్వర్ల నౌకరీ చేస్తున్న మన పిల్లలకు ఒక్క మాట: మళ్ళా లేపుడు సిస్టండీ చేస్తది. ఎందుకు పడ్డదో లాగ్ చదివి సరిచేసుడు మీ పని. ఆ సర్వీస్ మీ చేతుల్లో జనం పెట్టిన అమానత్.