తాతయ్య జీపు, పెట్రోలు పుస్తకం

పోయినసారి క్యాంపులో గుడిసెలు వేసుకున్న రోజుల గురించి రాశాం. ఈసారి జీపు సంగతి. మేం కన్నడ మీడియంలో చదువుకున్నవాళ్లం, ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా జారిపోతే పెద్దవాళ్లు ఫోన్ చేసి తిట్టండి, దిద్దుకుంటాం.

నాయనమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున ఒక పొడుగాటి లెక్కల పుస్తకం దొరికింది. అట్ట మీద తాతయ్య అక్షరాలతో "జీపు" అని ఉంది. లోపల నాలుగు గళ్లు: తేదీ, మీటరు అంకె, పోయించిన పెట్రోలు, లీటరుకి ఎంత వచ్చింది. వారం వారం, ఏళ్ల తరబడి. మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం కాబట్టి ఇలాంటి పట్టిక కనపడితే వదలబుద్ధి కాదు. రెండు ఆదివారాలు కూర్చుని మొత్తం కంప్యూటర్లోకి ఎక్కించాం.

అసలు జీపు ఎందుకంటే, నేల వల్ల. 1953లో తుంగభద్ర డ్యాం నీళ్లు వదిలాక కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్లు గంగావతి, సింధనూరు వైపు వచ్చి రేగడి నేలలు కొన్నారు. ఇక్కడివాళ్లు దాన్ని ఎరె అంటారు. ఎండలో చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది, వాన పడితే ఎడ్లబండి చక్రం సగం దాకా దిగిపోతుంది. క్యాంపు నుంచి తారురోడ్డు ఎక్కాలంటే కాలువ గట్టే దారి. ఒక వానాకాలం పురిటి నొప్పులతో ఉన్న అత్తని మంచం మీద మోసుకుపోవాల్సి వచ్చిందట. ఆ మరుసటి ఏడే తాతయ్య సెకండ్ హ్యాండులో మహీంద్రా పెట్రోలు జీపు కొన్నారు, నాలుగు చక్రాలూ లాగేది. అమెరికా విల్లీస్ కంపెనీ మోడల్, మహీంద్రావాళ్లు బొంబాయిలో తయారుచేసింది. ఇంజను 2.2 లీటర్లు. ఆ ఇంజను పొడుగు వల్లే బానెట్ అంత ఎత్తుగా ఉంటుంది.

అది తాగుబోతు బండి అని ఊరంతా అనేది. బండి తప్పేమీ లేదు. పొలానికి పుట్టిన బండి అది. చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే దానికి పోయే షాఫ్టు 5.38 చుట్లు తిరగాలి. బురదలో లాగడానికి అది వరం, తారురోడ్డు మీద మాత్రం ఇంజను ఊరికే అరుస్తుంది. పైగా ముందు చక్రాలకి శక్తి ఇవ్వకపోయినా, వాటితో పాటు లోపలి ఇరుసులూ, ముందు షాఫ్టూ తిరుగుతూనే ఉంటాయి. దానికి కూడా పెట్రోలే ఖర్చు. అమెరికాలో ఆర్థర్ వార్న్ అనే ఆయన 1948లోనే దీనికి మందు కనిపెట్టాడు: చక్రం మధ్యలో ఒక హబ్, చేత్తో తిప్పితే చక్రం ఒక్కటే తిరుగుతుంది, లోపలి సరంజామా కదలదు. మన జీపుకి అది లేదు.

1973 అక్టోబర్ వరకు పుస్తకంలో లీటరుకి ఎనిమిది, అటూ ఇటూ. తర్వాత అరబ్ దేశాల చమురు గొడవ వచ్చింది. పెట్రోలు ధర ఎంత మండిందంటే, ఆ నవంబర్లో వాజ్‌పేయి ఎడ్లబండి ఎక్కి పార్లమెంటుకి వెళ్లారు. మా తాతయ్య బండి మానలేదు గానీ పుస్తకాన్ని రోజూ చూడటం మొదలుపెట్టారు.

1974 వానాకాలంలో అంకె ఆరుకి పడింది. తర్వాత ఐదున్నర.

డ్రైవరు ఇక్కడి కన్నడం మనిషి, ఆరేళ్లుగా ఉన్నాడు. "ఇల్లా ధణీ, నాను తగొండిల్ల" అన్నాడట, లేదు అయ్యా, నేను తియ్యలేదు అని. తాతయ్య నమ్మలేదు. పెట్రోలు అమ్ముకుంటున్నాడని పంపేశారు. మా చిన్నప్పుడు కూడా ఇంట్లో ఆయన పేరు చెప్తే "ఆ పెట్రోలు దొంగ" అనేవాళ్లు. మేమూ అన్నాం.

ఇప్పుడు అంకెలు చూడండి. అంకె పడకముందు నెలలోనే ఖర్చుల గడిలో "టైర్లు 7.00-16, నాలుగు" అని ఉంది. బండితో వచ్చినవి 6.00-16. బురదకి పెద్దవైతే మేలని తాతయ్యే మార్పించారు. కానీ మీటరుకి టైరు సైజు తెలియదు, అది చుట్లు లెక్కపెడుతుందంతే. పెద్ద టైరు ఒక్కో చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది, మీటరు పాత దూరమే రాస్తుంది. జీపు ఇంకా చిన్నాన్న షెడ్డులో ఉంది, టైర్లు ఆ సైజువే. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ, ఫోన్లో జీపీఎస్ పెట్టుకుని సింధనూరు దాకా పోయొచ్చాం. అసలు దూరం 100 అయితే మీటరు 93 అంది.

అంటే ఎనిమిది వచ్చే బండి కూడా పుస్తకంలో ఏడున్నర లోపే కనపడుతుంది. మిగతా తేడాకి మీటరు ఒక్కటే చాలదు, అది ఒప్పుకోవాలి. ఆ ఏడు కాలువ గట్టు తెగి, నెలన్నర పాటు ఎరువుల బస్తాలన్నీ బురదలోనే మోశారని నాయనమ్మ చెప్పేది. ఫోర్ వీల్ లో గేరులో వేస్తే, అదే దూరానికి ఇంజను దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ తిరగాలి. దానికి తోడు బరువు టైర్లు. ఆ బండి ఐదున్నర ఇస్తే ఆశ్చర్యమేముంది?

ఇవన్నీ పక్కన పెట్టినా ఒక రుజువు ఉంది, దాని దగ్గరే మేం ఆగిపోయాం. డ్రైవరు పోయాక కొత్తవాడు వచ్చాడు. వాడి మొదటి వారం ఐదున్నర. తర్వాత వారం ఐదున్నర. నేల ఆరాక ఏడు దాటింది, ఎనిమిది మాత్రం మళ్లీ ఎప్పుడూ రాలేదు. ఈ అంకెలన్నీ తాతయ్య తన చేత్తోనే రాశారు. రోడ్డు రాళ్లు అప్పుడూ ఉన్నాయి.

తర్వాత చాలామంది లాగే మేమూ పెట్రోలు ఇంజను తీయించి డీజిల్ ఇంజను పెట్టించాం, పుస్తకం అక్కడితో ఆగింది. చివరి పేజీలో అప్పుల పట్టిక ఉంది. తీరిన వాటి మీద గీత కొట్టారు. గీత లేనిది ఒక్కటే: "డ్రైవరు జీతం, 2 నెలలు."

ఆయన లేరు, కొడుకు సింధనూరులో ఉన్నాడు. ఉగాదికి వాళ్లింటికి వెళ్దామని చిన్నాన్న అంటున్నాడు. ఇన్నేళ్లకి పోయి ఏం మొహం పెట్టుకుని చెప్తారని అత్త వద్దంటోంది. ఆ రెండు పేజీలకి మాత్రం జిరాక్స్ తీయించి పెట్టాం.