కళావరు అంటే కళావరు కాదు

కాంట్రాక్ట్ బ్రిడ్జికి నూరేళ్లు నిండాయి. 1925 అక్టోబరు ఆఖర్లో లాస్ ఏంజెలెస్ నుంచి పనామా కాలువ మీదుగా హవానా వెళ్తున్న ‘ఫిన్లాండ్’ ఓడలో హెరాల్డ్ వాండర్‌బిల్ట్, ఆయన ముగ్గురు స్నేహితులు కొత్త లెక్కల పట్టిక ఒకటి ముందు పెట్టుకుని పేక పంచుకున్నారు. ఆ పట్టికతోనే ఈ ఆట పుట్టింది. నూరేళ్ల పండగ పేరుతో అందరూ ఆ ఓడనే తలుచుకుంటున్నారు గానీ, వాండర్‌బిల్ట్ ఇచ్చిన రెండో కానుక అంతకన్నా విలువైనది. చేతిలో కళావరు ముక్కలున్నా లేకున్నా బలమైన చెయ్యి పడితే ‘ఒక కళావరు’ అని పాడటం, దానికి భాగస్వామి పాస్ అనకూడదని కట్టడి చేయటం. దీన్ని దొంగభాష అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నిజానికి మిగతా బిడ్లు ఉన్నదున్నట్టు మాట్లాడగలుగుతున్నాయంటే అది ఈ ఒక్క కృత్రిమ బిడ్ చలవే.

ఎడ్మండ్ హోయిల్ 1742లో విస్ట్ మీద పుస్తకం రాసిన నాటికి ఆటలో పాటే లేదు. పంచేవాడి ఆఖరి ముక్క తిప్పితే అదే తురుపు. ఆ తర్వాత నూటయాభై ఏళ్లకు పైగా భాగస్వాములు వేసే ముక్కలతోనే మాట్లాడుకున్నారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆక్షన్ బ్రిడ్జి వేలంపాట తెచ్చింది. అందులో తక్కువకు పాడి ఎక్కువ పట్లు గెలిచినా గేము లెక్కలోకి వచ్చేవి కాబట్టి పాటకు అంత లోతు అక్కర్లేకపోయింది. వాండర్‌బిల్ట్ ఈ వెసులుబాటు తీసేశాడు. పాడిన పట్లే గేముకు లెక్క, మిగిలినవి చిల్లర. దాంతో ఇద్దరి చేతుల్లో ఏముందో ముక్క వేయకముందే తెలియాల్సి వచ్చింది. అందుకు ఉన్న మాటలెన్ని? ముప్పై అయిదు బిడ్లు, పాస్, డబుల్, రీడబుల్. పదమూడేసి ముక్కల కథ చెప్పుకోవడానికి మొత్తం 38 మాటలు. అందులోనూ పాట ఒకసారి పైకెక్కితే కిందికి దిగదు. అన్నిటికన్నా కిందున్న ‘ఒక కళావరు’తో మొదలుపెడితే పైనున్న 34 మెట్లూ చేతిలో మిగులుతాయి. వాండర్‌బిల్ట్ దాన్నే ఎంచుకున్నది ఇందుకే.

ఆయన పుస్తకం 1929లో వచ్చింది. మరుసటి ఏడాదే ఎలీ కల్బర్ట్‌సన్ ‘బ్లూ బుక్’ వచ్చి దాన్ని కమ్మేసింది. 1931 డిసెంబరులో న్యూయార్క్‌లో సిడ్నీ లెంజ్‌తో మొదలైన 150 రబ్బర్ల పోటీని కల్బర్ట్‌సన్ 8,980 పాయింట్ల తేడాతో గెలిచాక సహజమైన బిడ్లే బ్రిడ్జి అన్నంతగా జనం నమ్మారు. అయితే ఆ సహజ పద్ధతిలోనూ రెండో మెట్టు మీద బలమైన బిడ్‌కు భాగస్వామి దగ్గర ఏమీ లేకపోతే ‘రెండు నో ట్రంప్’ అనాలి. ఆ మాటకు తురుపు లేని ఆట ఆడాలన్న అర్థం ఏ కోశానా లేదు. గెంటేసిన అతిథి పెరటి గుమ్మంలోంచి వచ్చి పీట వేసుకున్నాడన్నమాట.

ఈ నూరేళ్లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం 1969లో రియో డి జనీరోలో జరిగింది. చైనాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన నౌకా వ్యాపారి సి. సి. వెయ్ పేరుమోసిన ఆటగాడు కాడు. కానీ వాండర్‌బిల్ట్ ఆలోచనను చిక్కులు లేకుండా చిక్కబరిచాడు. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున లెక్కేసి 16 పాయింట్లు గాని అంతకన్నా ఎక్కువ గాని ఉంటే ‘ఒక కళావరు’. ఎనిమిదికి లోపే ఉన్న భాగస్వామి ‘ఒక డైమను’ అనాలి. దీనికి ప్రిసిషన్ అని పేరు పెట్టాడు. దాంతో తైవాన్ జట్టు ప్రపంచ జట్ల పోటీ అయిన బెర్ముడా బౌల్‌కు వెళ్లింది. ఉత్తర అమెరికాను వెనక్కి నెట్టి ఫైనల్లో ఇటలీ ఎదుట కూర్చుంది. 1957 నుంచి ఆ కప్పు జరిగిన ప్రతిసారీ గెలుస్తూ వచ్చిన ఇటలీయే మళ్లీ గెలిచింది. నేపుల్స్ ఆటగాడు యూజీనియో కియారాడియా మొదలుపెట్టిన బలమైన కళావరు పద్ధతే ఆ జట్టుకూ ఆధారం కాబట్టి, ఆ ఫైనల్లో బల్లకు రెండువైపులా వాండర్‌బిల్ట్ వారసులే ఉన్నారు. మరుసటి ఏడాది స్టాక్‌హోమ్‌లోనూ తైవాన్ ఫైనల్ చేరి, ఈసారి ఉత్తర అమెరికా చేతిలో ఓడింది. రెండుసార్లు ఓడిన పద్ధతిని ఎవరు పట్టించుకుంటారు? ఇటలీ మహామహులు బెల్లడోన్నా, గరోజో పట్టించుకున్నారు. 1972లో మయామీ బీచ్ ఒలింపియాడ్‌ను ప్రిసిషన్ ఆడి గెలిచారు.

ఎందుకు పట్టించుకున్నారో ఒక చెయ్యి చూస్తే తెలుస్తుంది. ఇస్పేటులో ఆసు, రాజు, జాకీ, రెండు చిన్నవి. ఆఠీనులో ఆసు, రాణి, ఒక చిన్నది. డైమనులో రాజు, రాణి, ఒక చిన్నది. కళావరులో రెండు చిన్నవి. మొత్తం 19 పాయింట్లు. సహజ పద్ధతిలో ‘ఒక ఇస్పేటు’ అంటాం. అదే మాట 12 పాయింట్లకూ అంటాం. ఎదుట భాగస్వామికి ఇస్పేటు రాణితో మూడు ముక్కలు, ఆఠీను రాజుతో నాలుగు, డైమనులో రెండు, కళావరులో నాలుగు చిన్నవి ఉన్నాయి. అయిదే పాయింట్లు కాబట్టి ఆనవాయితీ ప్రకారం పాస్ అంటాడు. పది పట్లు తేలిగ్గా వచ్చే గేము అక్కడే చేజారుతుంది. ప్రిసిషన్‌లో ఒక కళావరు, ఒక డైమను, ఒక ఇస్పేటు, రెండు ఇస్పేట్లు, ఆపైన నాలుగు ఇస్పేట్లు. ఇక రెండో లాభం దీనికన్నా పెద్దది. బలమైన చేతులన్నీ కళావరులోకి వెళ్లిపోయాయి కాబట్టి, ఈ పద్ధతిలో మొదటే ‘ఒక ఇస్పేటు’ విన్న భాగస్వామికి 11 నుంచి 15 లోపే అని ఖాయంగా తెలుసు. ఎక్కడ ఆగాలో తెలుసు.

ఇది రహస్య సంకేతం కాదా అంటారు. కాదు. ఒప్పందాన్ని ఎదురుజట్టుకు దాచడం ఆట చట్టాలకే విరుద్ధం. అయిదు ముక్కలుంటేనే ‘ఒక ఇస్పేటు’ అనడమూ ఒప్పందమే కదా, ఆ బిడ్ ఆకాశం నుంచి ఊడిపడలేదు. జ్ఞాపకం పెట్టుకోవడం కష్టమన్న మాట నిలవదు, వెయ్ పద్ధతి పునాది నాలుగు వాక్యాల్లో పడుతుంది. నిజంగా బరువైన ఆక్షేపణ ఒకటుంది. ఒక కళావరు అనగానే ఎదుటివాడు బలం లేకపోయినా మూడు ఇస్పేట్లకు ఎగిరి దారి మూసేస్తే, అప్పటికి మనం ఏ రంగూ చెప్పి ఉండం. ఈ నష్టం ఉంది, ఒప్పుకోవాలి. కానీ 16 పాయింట్ల చేతులకన్నా 11 నుంచి 15 చేతులు చాలా ఎక్కువ సార్లు వస్తాయి. నష్టం అరుదు, లాభం తరచు.

ఆ తర్వాతి కథ ఇంత సాఫీగా లేదు. పోలండ్‌లో బలమైన చేతికి ‘పాస్’ అనే పద్ధతులు పుట్టాయి. ఏమీ లేని చేతికే ఏదో ఒక బిడ్ పాడాలి. ప్రపంచ సమాఖ్య అలాంటివాటిని చాలా పోటీల్లో నిషేధించింది. ఆ నిషేధం సబబే. ఎదురుజట్టు అర్థం చేసుకుని జవాబు సిద్ధం చేసుకునే వ్యవధి లేనిచోట వివరించడం ఒక లాంఛనమే. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ స్వర్ణం తెచ్చాక మన దేశంలోనూ ఈ ఆట వైపు చూసేవాళ్లు పెరిగారు. కొత్తగా బల్ల దగ్గర కూర్చునేవాళ్లు కృత్రిమ బిడ్ వినగానే బెదరక్కర్లేదు. మీ వంతు వచ్చినప్పుడు దాని అర్థమేమిటని అడగండి. అడిగే హక్కు మీది. పాడినవాడి భాగస్వామి చెప్పి తీరాలి.