ఈక పోయి వెంట్రుక వచ్చె: ఒక గాలపు ఎర కథ

రెయిన్‌బో ట్రౌట్ జాతిలోనే సముద్రానికి వెళ్ళి తిరిగివచ్చే చేపను స్టీల్‌హెడ్ అంటారు. ఉత్తర అమెరికా పశ్చిమతీరపు నదుల్లో పుట్టి, పసిఫిక్‌లో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ ఏటికి ఎదురీదుతూ వస్తుంది. ఆ ప్రయాణంలో దానికి తిండి మీద పెద్దగా ధ్యాస ఉండదు. అయినా కళ్ళముందు రంగుల కుచ్చు ఏదైనా కదిలితే ఒక్కోసారి కరుస్తుంది. ఆకలి లేని చేప ఎందుకు కరుస్తుందో ఇదమిత్థంగా చెప్పగలవారు లేరు. గాలానికి దారంతో ఈకలు, పోగులు చుట్టి చేసే ఆ ఎర పేరు ఫ్లై. పేరుకే ఈగ, ఇక్కడ చెప్పబోయేదానికి ఏ ఈగతోనూ పోలిక లేదు.

విక్టోరియా కాలపు బ్రిటిష్ దొరలు సాల్మన్ చేపల కోసం కట్టిన ఫ్లైలు చేపలకన్నా దొరలనే ఎక్కువగా పట్టాయేమో! జార్జి కెల్సన్ 1895లో ప్రచురించిన 'ది సాల్మన్ ఫ్లై' నిండా దేశదేశాల పక్షుల ఈకలే. వాటిలో మన దక్షిణాది అడవికోడి మెడ ఈకలూ ఉన్నాయి. వాటి మీద మైనం అద్దినట్టు మెరిసే చుక్కలు నీటిలో చిరుచేప కళ్ళలా కనబడతాయని గిరాకీ. ఈ మోజు ఎంత గట్టిదంటే, 2009లో ఇంగ్లండులోని ట్రింగ్ మ్యూజియం నుంచి 299 పక్షుల చర్మాలు ఈ ఈకల కోసమే దొంగతనానికి గురయ్యాయి. వాలెస్ సేకరించినవి కూడా అందులో ఉన్నాయి.

పసిఫిక్ తీరపు జాలరులకు అంత వైభోగం లేదు. ఉధృతమైన చన్నీటి నదుల్లో సుకుమారమైన ఈకలు నిలవవు కూడా. జింకతోక వెంట్రుక తడిసినా ముద్దకాదు, ప్రవాహంలో ఊపిరి తీస్తున్నట్టు కదులుతుంది. కాలిఫోర్నియాలోని యురేకా ఊళ్ళో జిమ్ ప్రే కట్టిన ఫ్లైతో వాల్టర్ థోరెసన్ 1936 క్రిస్మస్ నాడు ఈల్ నదిలో 18 పౌన్ల స్టీల్‌హెడ్‌ను పట్టాడు. ఆయన పేరు మీదే ఆ ఫ్లై 'థోర్' అయింది.

దాన్ని కట్టడం చూడండి. గాలపు కాడకు దారం చుట్టి, తోకగా నారింజరంగు ఈకపోగులు కొన్ని కట్టాలి. ఒంటికి ఎర్రని షెనిల్ (ముఖమల్ లాంటి మెత్తని నూలు). దాని ముందు గోధుమరంగు కోడి ఈక రెండుమూడు చుట్లు. గాలం కన్ను దగ్గర కాస్త చోటు వదలడం మరవకూడదు, రెక్క కూర్చోవలసింది అక్కడే. అగ్గిపుల్లంత మందాన తెల్లని జింకతోక వెంట్రుకలు తీసుకుని, అడుగునున్న నూగు దువ్వేసి, కొనలు సరిచేసి, కాడ పైన ఉంచి బొటనవేలు చూపుడువేళ్ళ మధ్య బిగించి దారం చుట్టాలి. పట్టు సడలితే వెంట్రుకలు పక్కకు జారతాయి, ఫ్లై ఒరిగి ఈదుతుంది. మిగిలిన మొదళ్ళను ఏటవాలుగా కత్తిరించి, తల చుట్టి, వార్నిష్ పూస్తే అయిపోయింది. ఎక్కువ వెంట్రుకలు పెట్టాలన్న ఆశే ఇందులో పెద్ద శత్రువు; కుచ్చు బరువైతే కదలిక చచ్చిపోతుంది.

అయితే వెంట్రుకను మరీ నిరాడంబరమని పొగడనక్కరలేదు. తళతళ మెరుస్తుందని ధ్రువపు ఎలుగుబంటి బొచ్చు వాడినవారు చాలామంది. 1972లో అమెరికా చేసిన సముద్ర క్షీరదాల రక్షణ చట్టం తర్వాతే దూడతోక వంటివి దాని స్థానంలోకి జోరుగా వచ్చాయి.

ఇప్పుడు కొరత ఈకకూ వెంట్రుకకూ కాదు, చేపకు. ఆరెగాన్‌లోని నార్త్ అంప్‌క్వా స్టీల్‌హెడ్ వేటకు పేరుమోసిన నది. 2021 వేసవిలో తిరిగివచ్చిన చేపలు మరీ తక్కువై, నీరు వేడెక్కడంతో, అధికారులు ఆగస్టులో అక్కడ వేటనే ఆపేశారు. ఆ నది ఒడ్డున గాలపు మొనను విరిచేసి ఫ్లై విసిరేవారూ ఉన్నారు. చేప వచ్చి ఒకసారి లాగి, వదిలేసి వెళ్ళిపోతుంది.